‘వృత్తి’ అన్న గడిలో ఏం రాయాలి: తిరుపతిలో ఒక సేవా సంస్థకు బోర్డు కట్టిన నా అనుభవం

తిరుపతిలో ‘బోర్డు మెంబరు’ అనగానే ఎదుటివాళ్ల మనసులో మెదిలేది ఒకటే బోర్డు. 1933లో కొండమీది పెత్తనం హథీరాంజీ మఠం మహంతుల చేతినుంచి కమిటీకి మారిన నాటినుంచీ ఈ ఊళ్లో ఆ మాట బరువు అలాంటిది. చిన్న సేవా సంస్థకు కమిటీ కడుతున్నామని చెప్తే ‘దర్శనానికి లెటర్ ఇప్పిస్తారా స్వామీ’ అని నవ్వులాటకు అడిగినవాళ్లున్నారు. నవ్వులాటే గానీ, బోర్డు అంటే హోదా ఉన్నవాళ్లు కూర్చునే చోటు అన్న అలవాటు దాని వెనక ఉంది. మా మొదటి జాబితా కూడా ఆ అలవాటు ప్రకారమే తయారైంది.

సంస్థ పని చిన్నదే. ఆసుపత్రుల్లో చేరిన రోగులకు తోడుగా వచ్చినవాళ్లకు మధ్యాహ్నం భోజనం, రాత్రికి తలదాచుకునే చోటు, కాగితాల పనిలో చేతిసాయం. రుయా, స్విమ్స్, బర్డ్, ప్రసూతి ఆసుపత్రి అన్నీ అలిపిరి దారిలో దగ్గరదగ్గరగా ఉన్న ఊరు కాబట్టి పలమనేరు నుంచీ, సత్యవేడు నుంచీ, రాజంపేట నుంచీ జనం వస్తారు. రోగికి మంచం దొరుకుతుంది, వెంట వచ్చినవాళ్లకు వరండానే గతి. ఈ పనికి రాసుకున్న మొదటి ఏడుగురిలో ఇద్దరు రిటైరైన అధికారులు, ఒక ప్రొఫెసరు, పేరున్న డాక్టరు, లాడ్జి యజమాని, మాజీ ప్రజాప్రతినిధి, కాంట్రాక్టరు. అందరూ వేదిక మీద కూర్చోదగ్గవాళ్లే. క్యాష్‌బుక్ ముందు కూర్చునేవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ జాబితాను పక్కన పెట్టించింది ఒక కాగితం. రాబోయే 24 నెలల్లో బోర్డు సంతకం పడాల్సిన పనులన్నీ ఒక్కొక్కటే రాశాం. 31 తేలాయి. డబ్బుకు సంబంధించినవి 11, ఆసుపత్రితో పడేవి 8, అద్దె, ఒప్పందాలు, చట్టం 6, పనివాళ్ల జీతాలు, సెలవులు 3, మిగతావి 3. ఒక్కో పనికి ఎదురుగా, ‘ఈ కాగితం చూపిస్తే రెండో ప్రశ్న అడగగలిగేది ఎవరు?’ అని వేసుకున్నాం. మొదటి ప్రశ్న ఎవరైనా అడుగుతారు: ఎంతవుతుంది, ఎప్పటికవుతుంది. రెండో ప్రశ్న ఆ వృత్తిలో చేతులు కాల్చుకున్నవాళ్లకే తడుతుంది. మా ఏడుగురి పేర్లు పెట్టి చూస్తే 31 పనుల్లో 22కి ఎదురుగా గడి ఖాళీగా మిగిలింది. డబ్బు వరసలో పదకొండూ ఖాళీ.

బియ్యం విషయమే తీసుకోండి. రోజుకు 120 మందికి భోజనం. మనిషికి 130 గ్రాముల బియ్యం వేసుకుంటే 15.6 కిలోలు. వంటకు ఒప్పుకున్నవాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో రోజుకు 25 కిలోల మూట అని ఉంది. లెక్క తెలిసినవాళ్లెవరైనా ఇక్కడ ఆపుతారు. కానీ బియ్యం వ్యాపారం చేసే ఆయనకు చూపిస్తే ఆయన అడిగింది వేరు: ‘పాత బియ్యమా, కొత్తవా?’ పాత బియ్యం అన్నం ఒదుగుతుంది, కొత్తవి ముద్దవుతాయి, అదే పళ్లేనికి ఎక్కువ పడతాయి. కొటేషన్‌లో ఆ మాటే లేదు. పాత బియ్యం అని రాయించి, కిలో ధరతో కాక వడ్డించిన భోజనం లెక్కన ఒప్పందం చేయించారు. ఆయన వృత్తి కాలమ్‌లో ‘వ్యాపారం’ అని ఒక్క మాట రాసుంటే ఈ పనికి ఆయన్ని పిలవాలని ఎవరికీ తట్టదు. ‘బియ్యం, కిరాణా హోల్‌సేల్’ అని రాస్తే తడుతుంది.

వృత్తి కాలమ్ అనేది మేం కనిపెట్టింది కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. మెమొరాండం వెనక జతచేసే పట్టికలో కమిటీ సభ్యుల పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా, సంస్థలో హోదా, సంతకం అన్న గడులుంటాయి. చాలామంది వృత్తి గడిని ‘ప్రైవేటు ఉద్యోగం’, ‘వ్యాపారం’, ‘గృహిణి’ అని నింపి పంపేస్తారు. రిజిస్ట్రేషన్ ఆగదు. కానీ ఆ పట్టికే తర్వాత బ్యాంకుకు, నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్‌కు (సేవా సంస్థలు పేరు నమోదు చేసుకునేది), ఆదాయపు పన్ను దరఖాస్తుకు, సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) నిధులిచ్చే కంపెనీకి వెళ్తుంది. అప్పుడు ఒక్కోచోట ఒక్కో రకంగా రాస్తే సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చోవాలి. మొదటే ఒక మాస్టర్ పట్టిక తయారుచేసి, అన్నిచోట్లా అందులోంచే రాయడం మేలు.

ఏడుగురితోనే ఆగకుండా తొమ్మిదికి పెంచాం. బేసి సంఖ్య అయితే ఓట్లు చెరిసగం కావు అన్నది చిన్న కారణం. పెద్ద కారణం కోరం, అంటే మీటింగు చెల్లాలంటే ఉండాల్సిన కనీస హాజరు. రిటైరైనవాళ్లు పిల్లల దగ్గరికి అమెరికాకో బెంగళూరుకో వెళ్తే ఆరు నెలలు రారు. సీఏకు (చార్టర్డ్ అకౌంటెంటుకు) జూలై, సెప్టెంబరు, అక్టోబరు నెలలు రిటర్నులతో, ఆడిట్లతో సరి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీతో లావాదేవీ ఉన్నవాళ్లు తోతాపురి కోత మొదలైతే జూలై దాకా దొరకరు. బ్రహ్మోత్సవాల తొమ్మిది రోజులూ, ముఖ్యంగా గరుడ సేవ నాడు, ఊళ్లో ఎవరూ ఎక్కడికీ కదల్లేరు. మే నెలలో గంగజాతర వారం కూడా అంతే. ఏడుగురిలో కోరం నాలుగు పెట్టుకుంటే ఈ లెక్కన ఏడాదిలో మూడు మీటింగులు వాయిదా పడతాయి. తొమ్మిదిమందికి ఐదుగురు కోరం అని బైలాలో (సంస్థ నియమావళిలో) రాసి, మీటింగులకు జనవరి చివర, ఏప్రిల్, ఆగస్టు, నవంబరు నెలలు ఎంచుకున్నాం. ఏ వృత్తివాళ్లు ఏ నెలలో దొరకరో ముందే క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోకపోతే, మంచివాళ్లతో కట్టిన కమిటీ కూడా కాగితం మీదే ఉంటుంది.

ఇక తొమ్మిదిమంది సంగతి. ట్రెజరరుగా రిటైరైన బ్యాంకు మేనేజరు. ఈ ఒక్క గడి విషయంలో రాజీ వద్దు. మొదటి నెలలోనే ఆయన పని కనబడింది. ఖాతాలో మిగిలిన డబ్బును చీటీలో పెడితే ఎఫ్‌డీ కంటే ఎక్కువ వస్తుందన్న మాట ఒకటి లేచింది. మన జిల్లాలో ఇది చాలా మామూలు ఆలోచన. కానీ పన్ను మినహాయింపు తీసుకునే సంస్థ డబ్బు ఎక్కడ ఉండొచ్చో ఆదాయపు పన్ను చట్టమే చెప్పింది. షెడ్యూల్డు బ్యాంకు, పోస్టాఫీసు, ప్రభుత్వ సెక్యూరిటీల వంటివి సరే. చీటీలు, చేబదుళ్లు, ప్రైవేటు ఫైనాన్సు ఆ జాబితాలో లేవు. అక్కడ పెడితే వచ్చే వడ్డీ కన్నా పోయే మినహాయింపు పెద్దది. ఆయన అడిగిన ఇంకో ప్రశ్న ఇంకా పదునైనది. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపుతామన్నారంటే, ‘వాళ్ల పాస్‌పోర్టు ఏ దేశానిది?’ అన్నారు. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి, దాంతోపాటు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా కూడా ఉండాలి; అవి లేకుండా పైసా ముట్టకూడదు. వంద డాలర్లయినా అంతే.

సీఏ విషయంలో అందరూ చేసే పొరపాటు మేమూ చేయబోయాం. బోర్డులో సీఏ ఉంటే ఆడిట్ ఉచితంగా అయిపోతుందని ఆశ. కుదరదు. ట్రస్టీగానో, మేనేజింగ్ కమిటీలోనో ఉన్న మనిషి ఆ సంస్థ లెక్కలకు ఆడిట్ రిపోర్టు ఇవ్వకూడదు. ఆయన భాగస్వామిగా ఉన్న ఫర్మ్ చేత చేయించడం కూడా స్వతంత్రత దెబ్బతీసేదే. కాబట్టి ముందే తేల్చుకోవాలి: ఆయన బోర్డులో కావాలా, ఆడిటరుగా కావాలా? మేం బోర్డులో అనుకున్నాం. ఆడిట్ వేరే ఊరి ఫర్మ్‌కు ఇచ్చాం. బోర్డులో ఉన్న సీఏ పని, ఆడిటరు రాసిన మాటలను మిగతా ఎనిమిదిమందికి తెలుగులో విప్పి చెప్పడం, తేదీలు తప్పకుండా చూడటం. ఆడిట్ రిపోర్టు సెప్టెంబరు 30లోగా, రిటర్ను అక్టోబరు 31లోగా, దాతల వివరాల ఫారం మే 31లోగా. రూ.2,000 దాటిన నగదు విరాళానికి దాతకు 80జీ (విరాళంపై ఆదాయపు పన్ను) మినహాయింపు రాదని రసీదు పుస్తకం అట్ట మీదే అచ్చు వేయించింది ఆయనే. అది చిన్న పనిలా ఉంటుంది గానీ, పెళ్లిరోజుకో తద్దినానికో రూ.5,000 నగదుగా తెచ్చి ఇచ్చేవాళ్లతో కౌంటరు దగ్గర జరిగే వాదన సగం తగ్గింది.

అడ్వొకేటుదీ ఇలాంటి చిక్కే. బోర్డులో ఉంటే కోర్టు పని కూడా చూస్తారనుకుంటాం. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల ప్రకారం, ఒక సంస్థ ఎగ్జిక్యూటివ్ కమిటీలో సభ్యులుగా ఉన్న న్యాయవాది ఆ సంస్థ తరఫున గానీ దానికి వ్యతిరేకంగా గానీ కోర్టులో హాజరు కాకూడదు. మా అడ్వొకేటే మొదటి మీటింగులో ఈ సంగతి చెప్పి మినిట్స్‌లో రాయించారు. మరి ఆవిడ వల్ల ఉపయోగమేంటి అంటే, గదుల అద్దె ఒప్పందం. 11 నెలలకు రాసుకుని ఏటా తిరగరాయడం ఇక్కడి వాడుక. నిజానికి మన రాష్ట్రంలో ఎంత కాలపు లీజుకైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వంటగదికి లక్షల్లో ఖర్చుపెట్టబోతూ 11 నెలల కాగితం మీద కూర్చోవడమేంటని ఆవిడే అడ్డుపడ్డారు. యజమాని ఒప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. మూడేళ్లకు రిజిస్టర్ చేయించాకే పొయ్యిలు పెట్టాం.

డాక్టరు గడి దగ్గర ఎక్కువ సమయం పోయింది. పేరున్న స్పెషలిస్టు ఉంటే విరాళాలు వస్తాయన్నది నిజమే. కానీ ఆసుపత్రి వరండాలో పనికొచ్చే తెలివి స్పెషలిస్టు దగ్గర తక్కువ. మధ్యాహ్నం పన్నెండుకు వడ్డన మొదలుపెడదామని అందరూ అనుకుంటుంటే, రిటైరైన నర్సింగ్ సూపరింటెండెంటు, ‘రౌండ్లు ముగిసి, మందుల చీటీ చేతికి వచ్చేదాకా తోడున్నవాళ్లు మంచం వదిలి రారు, ఒంటిగంటన్నరకు పెట్టండి’ అన్నారు. మొదటి వారం పన్నెండుకే పెట్టి చూశాం. అన్నం మిగిలింది, జనం ఒంటిగంట తర్వాత వచ్చి ఖాళీ గిన్నెలు చూసి వెళ్లారు. డిశ్చార్జి కాగితంలో ఏముండాలి, ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటరు దగ్గర ఏ కాగితం అడుగుతారు, రక్తం కావాలంటే ఎవర్ని అడగాలి లాంటివన్నీ ఆవిడకు కరతలామలకం. ఇలాంటి సంస్థ పెట్టేవాళ్లకు నేను ఇచ్చే సలహా: డాక్టరు దొరక్కపోయినా నడుస్తుంది, నర్సు లేకుండా మొదలుపెట్టకండి.

డాక్టరు కూడా ఉన్నారు, పాథాలజిస్టు. ఆయనకు ఊళ్లో ఒక ల్యాబులో భాగం ఉంది. రేపు మన దగ్గరికి వచ్చే రోగులకు పరీక్షల్లో రాయితీ ఇప్పించాలంటే ఆ ల్యాబు పేరే ముందు వస్తుంది. ఇక్కడ ఆయన మంచివాడా కాదా అన్నది ప్రశ్న కాదు. సంస్థ పెట్టినవాళ్లకు, ట్రస్టీలకు, వాళ్ల బంధువులకు, వాళ్లకు గణనీయమైన వాటా ఉన్న వ్యాపారాలకు సంస్థ డబ్బు లేదా ఆస్తి వల్ల లాభం కలిగితే పన్ను మినహాయింపుకే ముప్పు. న్యాయమైన ధరకు న్యాయమైన సేవ అయితే చట్టం ఒప్పుకుంటుంది, కానీ న్యాయమైనదని నిరూపించే బరువు మన మీదే. అందుకే ప్రతి సభ్యుడూ ఏప్రిల్‌లో ఒక పేజీ ప్రకటన రాసి ఇస్తారు: తనకు, భార్యాభర్తలకు, పిల్లలకు, తోబుట్టువులకు ఏ వ్యాపారంలో వాటా ఉంది, ఏ ఇతర సంస్థల్లో పదవి ఉంది. ఆ అంశం చర్చకు వస్తే సదరు సభ్యుడు గదిలోంచి వెళ్లిపోవాలి, వెళ్లిపోయినట్టు మినిట్స్‌లో సమయంతో సహా రాయాలి. ‘ఓటు వేయలేదు’ అని రాస్తే చాలదు. గదిలో కూర్చుంటే చాలు, మొహమాటం పనిచేస్తుంది. బోర్డులో ఉన్న బియ్యం వ్యాపారి కూడా అంతే: సలహా ఇవ్వొచ్చు, సంస్థకు బియ్యం అమ్మకూడదు. ఇది ఆయనకు మొదట రుచించలేదు, ‘కొన్న ధరకే ఇస్తాను కదా’ అన్నారు. ఉచితంగా ఇవ్వండి, రసీదు రాస్తాం అన్నాం. ఇప్పుడు నెలకు రెండు మూటలు అలాగే వస్తున్నాయి.

మినిట్స్ రాయడానికి రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఉన్నారు. హెడ్‌మాస్టరు పని చేసినవాళ్లకు రిజిస్టరు మీద గౌరవం ఉంటుంది: పేజీకి నంబరు, కొట్టివేతకు పక్కన పొట్టి సంతకం, ఖాళీ జాగాకు అడ్డగీత. మినిట్స్ తెలుగులోనే. బ్యాంకుకు పోవాల్సిన తీర్మానాలు మాత్రం ఇంగ్లీషులో విడిగా, రెండింటికీ ఒకే తీర్మానం నంబరు. సోషల్ వర్క్ లెక్చరరు ఒకరు కేసు రికార్డులు చూస్తారు. ఫొటోలు తీసేముందు సమ్మతి అడగడం, రోగి పేరు బయట పెట్టకపోవడం లాంటివి ఆయన బాధ్యత.

తొమ్మిదో మనిషి చంద్రగిరి దగ్గర టైలరింగ్ చేసే ఆవిడ. ఇంట్లోవాళ్ల డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు రెండేళ్లపాటు తోడు వచ్చారు. ఈ పేరు పెట్టినప్పుడు, బోర్డు ప్రొఫైల్లో ‘టైలర్’ అని రాస్తే దాతలు ఏమనుకుంటారో అన్న గొణుగుడు వినబడింది. నా అభిప్రాయంలో మొత్తం పట్టికలో దమ్మున్న గడి అదే. భోజనం టోకెనుకు ఆధార్ చూపించాలి అన్న ప్రతిపాదన మిగతా ఎనిమిదిమందికీ సబబుగా తోచింది, దుర్వినియోగం ఆగుతుంది కదా అని. ‘ఆ కార్డు పేషెంటు దిండు కింద ఉంటాది, లేదంటే కౌంటర్లో జిరాక్సుకు ఇచ్చుంటాము. అన్నం తినేదానికి మళ్లీ నాలుగంతస్తులు ఎక్కాల్నా?’ అన్నారావిడ. ఆసుపత్రి ఇచ్చే అటెండర్ పాసు చూపిస్తే చాలు అని మార్చాం. ఆవిడ గడిలో ‘టైలరింగ్ స్వయం ఉపాధి, రెండేళ్లు డయాలసిస్ రోగికి సహాయకురాలు’ అని రాశాం. ‘గృహిణి’ అని రాసి వదిలేసే చాలా పేర్ల వెనక ఇలాంటి రెండో సగం ఉంటుంది, అడగాలి.

పిలవకుండా వదిలేసినవాళ్ల గురించి రెండు మాటలు. సర్వీసులో ఉన్న ప్రభుత్వోద్యోగులు గౌరవ హోదాలో సేవ చేయొచ్చు గానీ, కమిటీ పదవికి, ముఖ్యంగా ఎన్నికయ్యే పదవికి, పై అధికారి రాతపూర్వక అనుమతి ఫైల్లో ఉండాలి. నోటిమాట చాలదు. అనుమతి తెచ్చుకుంటాం అన్న ఇద్దరికీ నాలుగు నెలలైనా రాలేదు, వాళ్లు బయటినుంచే సాయం చేస్తున్నారు. పెద్ద దాతను బోర్డులోకి తీసుకోకపోవడం కూడా ఆలోచించే చేశాం: విరాళం ఇచ్చిన చేయే దాని ఖర్చును తనిఖీ చేస్తే మిగతావాళ్లు నోరెత్తరు. ఒకే ఇంటివాళ్లు ఇద్దరు వద్దని బైలాలోనే రాశాం. సీఎస్ఆర్ నిధులిచ్చేవాళ్లు అడిగే మొదటి నాలుగు ప్రశ్నల్లో ‘సభ్యుల మధ్య బంధుత్వం ఏమైనా ఉందా?’ అన్నది తప్పక ఉంటుంది.

కాగితాల దగ్గర అసలు కష్టం వృత్తితో కాదు, పేరుతో. మన ఇంటిపేరు ఆధార్‌లో ఒక అక్షరం, పాన్‌లో పూర్తిగా, టెన్త్ సర్టిఫికెట్‌లో చివర. పాన్ కార్డులో పెళ్లయినవాళ్లకు కూడా తండ్రి పేరే ఉంటుంది, ఆధార్‌లో భర్త పేరు. పట్టికలో ‘తండ్రి/భర్త పేరు’ అన్న గడిలో ఒకరికి తండ్రిది, ఒకరికి భర్తది రాస్తే పోర్టల్లో సరిపోల్చేటప్పుడు తిరగ్గొడుతుంది. దర్పణ్‌లో కనీసం ముగ్గురు కమిటీ సభ్యుల పాన్, ఆధార్ వివరాలు అడుగుతుంది, పాన్‌లో ఉన్నది ఉన్నట్టే పేరు కొట్టాలి. మేం తొమ్మిదిమందివీ ముందే సరిచూసుకుంటే ఐదుగురికి తేడాలున్నాయి. ఆధార్ సవరణ వారంలో వచ్చినవాళ్లున్నారు, నెలన్నర పట్టినవాళ్లూ ఉన్నారు. అందుకే మొదటి పని ఇదే కావాలి, రిజిస్ట్రేషన్ అయ్యాక కాదు. ఇంకో చిక్కు జిల్లా పేరుతో. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయింది, కానీ చాలామంది ఆధార్‌లో ఇంకా ‘చిత్తూరు జిల్లా’ అనే ఉంది. ఫారంలో తిరుపతి జిల్లా అని, రుజువులో చిత్తూరు అని ఉంటే గుమాస్తా పెన్ను ఆగుతుంది. తొమ్మిదిమందికీ రుజువులో ఉన్నట్టే రాసి, సంస్థ చిరునామాకు మాత్రం కొత్త జిల్లా రాశాం, ఇంటి యజమాని అంగీకార పత్రం, కరెంటు బిల్లు జతచేసి.

రిజిస్ట్రేషన్ వచ్చాక సంస్థ పేరున పాన్, బ్యాంకు ఖాతా, దర్పణ్, ఆ తర్వాత పన్ను మినహాయింపులకు దరఖాస్తు: పాత చట్టంలో సంస్థ ఆదాయానికి 12ఏ, దాతలకు 80జీ. మేం వేసినప్పుడు అది ఫారం 10ఏ. అందులోనూ వ్యవస్థాపకుల, కమిటీ సభ్యుల, ఆఫీసు బేరర్ల వివరాలు ఒక్కొక్కరివీ ఎక్కించాలి. కొత్త సంస్థకు ముందు మూడేళ్లకు తాత్కాలిక రిజిస్ట్రేషన్ వస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టం, 2025 అమల్లోకి వచ్చింది కాబట్టి పాత సెక్షన్ల నంబర్లు చూసి దరఖాస్తు రాయించుకోకండి. బ్యాంకు ఖాతాకు ముగ్గురి పేర్లు ఇచ్చి ఎవరైనా ఇద్దరి సంతకం అని తీర్మానం చేశాం. ఆ ముగ్గురిలో పిల్లలు విదేశాల్లో ఉన్నవాళ్లు ఒక్కరికి మించకుండా చూసుకున్నాం. సీఎస్ఆర్ నిధులు తీసుకోవడానికి కావాల్సిన సీఎస్ఆర్-1 ఫారం, మూడేళ్ల పని చూపించాల్సిన వ్యవహారం కాబట్టి, అప్పుడే తొందరపడలేదు.

దాతలకు చూపించే సభ్యుల ప్రొఫైళ్లు రాయడం తేలిక అనుకున్నాం, అదే ఎక్కువసార్లు తిరగరాసింది. ఒక్కొక్కరికి 40 నుంచి 60 మాటలు. ఏం పని, ఎన్నేళ్లు, ఎలాంటి చోట, బోర్డులో ఏ బాధ్యత. అంతే. ‘ప్రముఖ సంఘసేవకులు’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ లాంటివన్నీ కొట్టేశాం. సన్మాన పత్రం కాదు కదా. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ‘డా.’ అన్న పొట్టి అక్షరం దగ్గర. సోషల్ వర్క్ లెక్చరరుకు పీహెచ్‌డీ ఉంది. ఆసుపత్రి చుట్టూ తిరిగే సంస్థలో ఆయన పేరు ముందు ‘డా.’ పెడితే చదివినవాళ్లు వైద్యుడనుకుంటారు. ఇద్దరు రోగుల బంధువులు నిజంగానే ఆయన్ని మందుల గురించి అడిగారు. ఇప్పుడు పాథాలజిస్టుకు ‘ఎండీ (పాథాలజీ)’ అని, లెక్చరరుకు పేరు తర్వాత ‘పీహెచ్‌డీ’ అని ఉంటుంది. రిటైరైనవాళ్లకు ‘విశ్రాంత’ తప్పనిసరి, లేకపోతే పాత ఆఫీసు మనకు అండగా ఉన్నట్టు అర్థం వస్తుంది. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ‘వ్యక్తిగత హోదాలో’ అని చేర్చి, యాజమాన్యం లోగో వాడలేదు. డిగ్రీ, రిటైర్మెంటు ఉత్తర్వు, బార్ కౌన్సిల్ నమోదు, మెడికల్ కౌన్సిల్ నమోదు, సీఏ సభ్యత్వ సంఖ్య, వీటి నకళ్లు ఫైల్లో ఉన్నాకే ఆ మాట ప్రొఫైల్లోకి ఎక్కింది. మొహమాటపడి అడగని ఒకేఒక్క చోట, ‘30 ఏళ్ల అనుభవం’ అన్నది ఉత్తర్వు చూస్తే 24 ఏళ్లని తేలింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు. పుట్టినతేదీ, ఇంటి చిరునామా, ఫోను నంబరు బయటి కాపీలో ఉండవు, ఫైల్లోనే.

పదవీకాలం మూడేళ్లు, ఏటా ముగ్గురు దిగిపోవాలి. అందరూ ఒకేసారి మారితే కొత్తవాళ్లకు చెక్‌బుక్ ఎక్కడుందో కూడా తెలియదు. మొదటి ఏడాది, రెండో ఏడాది దిగేవాళ్లను చీటీలు తీసి తేల్చాం. సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి. ఇది వదిలేసిన సంస్థల్లోనే రెండు కమిటీలు పుట్టి, మేమంటే మేమని వాదులాడుకుని, చట్టంలోని 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టు దాకా పోతుంటారు. దాఖలు చేసిన రోజే రసీదు నకలు బ్యాంకుకు, దర్పణ్‌లో మార్పు, ఆదాయపు పన్ను పోర్టల్లో బాధ్యుల వివరాల్లో మార్పు. ఒక్క పూటలో అయ్యే పనులు, విడివిడిగా వదిలేస్తే ఏడాది సాగుతాయి.

ఈసారి దిగిపోయే ముగ్గురిలో అడ్వొకేటు కూడా ఉన్నారు. మాస్టర్ పట్టికలో ఆ వరసలో పేరు గడి ఖాళీగా ఉంది, వృత్తి గడిలో మాత్రం పెన్సిలుతో రాసిపెట్టాం: ‘లీజు కాగితం చదవగలవారు, తిరుపతిలోనే ఉండేవారు, నవంబరులో ఊళ్లో దొరికేవారు.’